ఆ నవల తనకి ఎందుకిచ్చానా అనిపిస్తోంది

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. మా క్లాస్‌లో ఒకబ్బాయంటే ఇష్టం, తనకీ నేనంటే ఇష్టమే. ఎనిమిది నెలల క్రితం తనకి లుకేమియా, అంటే బ్లడ్ కేన్సర్ అని తెలిసింది. ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకమట, చికిత్స జరుగుతోంది. ఈమధ్య ఒక నవల చదివాను. జబ్బుతో ఉన్న ఇద్దరు టీనేజర్ల ప్రేమకథ, చివర్లో అబ్బాయి చనిపోతాడు. అచ్చం మా కథే అనిపించి, నచ్చిన వాక్యాల కింద గీతలు గీసి తనకిచ్చాను. 'నన్ను అప్పుడే చంపేశావా?' అని మెసేజ్ పెట్టి, రెండు వారాలుగా మాట్లాడటం లేదు. అమ్మేమో ఈ స్నేహం ఇంతటితో ఆపెయ్ అంటోంది. ఏం చెయ్యను?

జవాబు: తనకి కోపం రావడంలో తప్పేం లేదమ్మా. అలాగని నువ్వు చేసింది పెద్ద నేరమూ కాదు. నీకు భయమేసింది, నోటితో చెప్పలేక పుస్తకం చేత చెప్పించావు. కాకపోతే తన వైపు నుంచి ఒక్కసారి చూడు. రోజూ మందులు మింగుతూ, ఈసారి పరీక్షలు రాయగలనా లేదా అని లెక్కలేసుకునే కుర్రాడు పేజీ తిప్పేసరికి, తనలాంటివాడు పోయే చోట పెన్సిల్ గీతలు కనిపించాయి, అవి కూడా తను ఇష్టపడ్డ అమ్మాయి గీసినవి!

అలాంటి నవలల్లో జబ్బు కథ కోసం వస్తుంది, చాలావాటిలో ఎవరో ఒకరు పోతేగానీ కథ ముగియదు. తన జబ్బుకి అలాంటి బాధ్యతేమీ లేదు. మంచి చికిత్స అందే చోట్ల ఏఎల్ఎల్ వచ్చిన చిన్నపిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. మీ వయసు వాళ్లలో ఆ లెక్క కొంత తగ్గుతుంది, అయినా బయటపడేవాళ్లే ఎక్కువ. తన సంగతి చెప్పాల్సింది తన డాక్టరే అనుకో. ఇక్కడ వేసింది కొంతే గానీ, నీ ఉత్తరం మొత్తంలో తను లేకపోతే నేనేమైపోవాలి అని నాలుగుచోట్ల రాశావు, తగ్గాక ఏం చేస్తారో ఒక్కచోటా రాయలేదు. తనకి తగిలింది కూడా అదేనేమో.

ఈ చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అందులో కన్నీళ్ల సీన్లు తక్కువ, విసుగు ఎక్కువ. రక్తపరీక్ష, రిపోర్టు కోసం ఎదురుచూపు, రక్తకణాలు తగ్గాయని చికిత్స వాయిదా, మళ్లీ పరీక్ష. మధ్యలో స్టెరాయిడ్లు ఇస్తారు. వాటితో ముఖం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, చిన్నమాటకే చిర్రెత్తుకొస్తుంది. ఇంకో మందుతో వేళ్లు మొద్దుబారి మెసేజ్ టైప్ చేయడం కూడా కష్టం కావచ్చు. కాబట్టి ఈ రెండు వారాల మౌనమంతా నీ ఖాతాలోనే వేసుకోకు.

కొన్నాళ్లు నేను పిల్లల కేన్సర్ వార్డులో పనిచేశాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ మంచం దగ్గర గొంతు తగ్గించేవాళ్లు, పూజగదిలోకి వచ్చినట్టు. ఒక కుర్రాడికి అదంటే మహా చిరాకు. "గట్టిగా మాట్లాడండి, నాకు పోయింది జుట్టే, చెవులు కాదు" అనేవాడు. వాడి స్నేహితుల్లో చివరిదాకా వచ్చింది ఒక్కడే. వాడు ఓదార్చింది ఎప్పుడూ లేదు, వచ్చిందే తడవు ఫోన్‌లో గేమ్ పెట్టి ఓడించేవాడు.

ఇప్పుడు చిన్న మెసేజ్ ఒకటి పెట్టు. 'నాకు భయమేసి ఆ పుస్తకం ఇచ్చాను. సారీ. ఫిజిక్స్ నోట్స్ రెండు పాఠాలవి ఫొటోలు తీశాను, పంపనా?' చాలు. పేజీల కొద్దీ రాయకు, ఎలా ఉన్నావని అడగకు. ఆ ప్రశ్నకి రోజుకి పదిసార్లు జవాబు చెబుతుంటాడు.

ఇక మీ అమ్మగారు. అంటుకుంటుందని భయమైతే, కేన్సర్ అంటుకోదని చెప్పు. నిజానికి నీ జలుబే తనకి ప్రమాదం. కీమో జరిగేటప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి, అందుకే నీకు తుమ్మొచ్చినా వెళ్లకు. అయితే ఆవిడ భయం అది కాదనుకుంటా. నువ్వు రాత్రంతా ఏడవడం చూశారు కదా! పక్కన కూర్చుని ఆ అబ్బాయి గురించి చెప్పు, జబ్బు గురించి కాకుండా, క్లాస్‌లో ఏం అల్లరి చేస్తాడో అది. నిద్ర, తిండి, చదువు ఇంకా దెబ్బతింటుంటే మాత్రం నీకు నువ్వుగా ఒక కౌన్సెలర్‌ని కలువు.

రేపు తను వద్దంటే వద్దనే. నీకు మోయలేననిపిస్తే నువ్వూ చెప్పొచ్చు, స్నేహితురాలిగా మిగలొచ్చు. 17 ఏళ్లకి ఎవరికీ జీవితాంతం మాటివ్వక్కర్లేదు, జబ్బుగా ఉన్నవాళ్లకి కూడా.

మెసేజ్‌కి జవాబు రాకపోతే రెండోది పెట్టకు. వారం ఆగి, నోట్స్ ప్రింట్ తీసి వాళ్లమ్మగారి చేతికిచ్చి వచ్చెయ్.