బావి ఈత వేరు, స్కూబా వేరు

అనంతపురం నుంచి కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్ వెళ్లి టెంట్ వేసుకుని స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో నీళ్లడుగున తిరగడం) చేయాలంటే ఈత వచ్చి ఉండాలా అని అడిగారు కదా. అక్కర్లేదు. మొదటిసారి చేసేవాళ్లను ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే దింపుతాడు, 12 మీటర్లు దాటనివ్వరు. మా బ్యాచ్‌లో ఈత రాని కడప ఫ్రెండు హాయిగా చేపలు చూసుకుంటూ తిరిగాడు, చిన్నప్పుడు ఊరి దిగుడుబావిలో దూకి అడుగున మట్టి తెచ్చి చూపించిన నేనే తిప్పలు పడ్డాను. బావి ఈతగాళ్లకు తల మునగగానే ఊపిరి బిగబట్టడం అలవాటు, స్కూబాలో అదే చేయకూడని పని. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు కాబట్టి అక్కడ పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, బిగబట్టి లేస్తే ఊపిరితిత్తులకే ప్రమాదం. మాస్క్ ముక్కును కప్పేస్తుంది, అందుకని ఇంట్లోనే రెండు రోజులు నోటితో పీల్చి వదలడం ప్రాక్టీస్ చేయండి. దిగేటప్పుడు చెవులు నొప్పి పుట్టకముందే ముక్కు మూసి మెల్లగా ఊదుతూ ఉండాలి. జలుబుంటే అది కుదరదు, కట్టిన డబ్బులు పోయినా సరే దిగొద్దు.

డైవింగ్ జరిగేది నేత్రాణి దీవి దగ్గర, ఒడ్డు నుంచి దాదాపు 19 కి.మీ. పడవ బాగా ఊగుతుంది. వాంతుల మాత్ర ముందే వేసుకోండి, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ లాగించి ఎక్కొద్దు (నేను ఎక్కాను, ఆ సంగతి వదిలేయండి). వానాకాలంలో డైవింగ్ ఉండదు, డిసెంబర్, జనవరి మంచి టైమ్.

టెంట్ సంగతి. గండికోటలో బండరాయికి మేకులు దిగవు, ఇక్కడ ఇసుకలో దిగినవి నిలవవు. సంచుల్లో ఇసుక నింపి తాళ్లు వాటికి కట్టి పాతిపెట్టండి. ఎండిన నాచు గీతలా పేరుకుని కనిపిస్తుందే, అలలు అక్కడిదాకా వచ్చినట్టు లెక్క, దానికి బాగా పైన వేసుకోండి. బీచ్‌లో ఎక్కడ పడితే అక్కడ వేయనివ్వరు, మేము ఒక కొబ్బరితోట ఆయన్ను అడిగి వేసుకున్నాం.

గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హుబ్బళ్లి, అక్కడి నుంచి బస్సు. తిరుగు ప్రయాణం మాత్రం డైవ్ చేసిన రోజే పెట్టుకోకండి. డైవ్ అయిన వెంటనే ఎత్తుకు పోవడం ఒంటికి ప్రమాదం. ఒకటికి రెండు డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగమంటారు, హుబ్బళ్లి దారిలో బస్సు ఘాట్ రోడ్డు ఎక్కడమూ ఎత్తుకు పోవడమే కదా. మేము ఆ రాత్రి గుడి దగ్గరే రూమ్ తీసుకుని, 123 అడుగుల శివుణ్ణి తీరిగ్గా చూసి, మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కాం.