ఆయిల్ పని అయిపోతుందట కదా, మా అమ్మాయిని అందులో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. విశాఖలో పెట్రోలియం ఇంజినీరింగ్ చేస్తానంటోంది. అందులోనూ భూమి లోపలి చమురు నిల్వలను కొలిచే రిజర్వాయర్ పనే కావాలంటోంది. ఎలక్ట్రిక్ కార్లు వచ్చేశాయి, ఇంకో పదేళ్లలో ఆయిల్ పని అయిపోతుందని మా బావమరిది అంటున్నాడు. ఇక్కడే మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ సీటు చూశాం. రెండింటిలో దేనికి స్కోప్ ఎక్కువ? ఆడపిల్ల కదా మేడమ్, మీరే చెప్పాలి.
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీరు అడగాలనుకున్నది చివరి వాక్యంలో ఉంది. ఈ రోజుల్లో నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి. పైన స్కోప్ అని రాస్తారు, కింద భయం ఉంటుంది. పిల్ల ఎక్కడో సముద్రం మధ్య, చమురు బావి తవ్వే రిగ్గు మీద, ఇంటికి దూరంగా, అంతా మగవాళ్లున్న చోట పని చేయాల్సి వస్తుందేమోనని మీ బెంగ. ఆ బెంగ సహజం. కానీ దాన్ని ఆమెతో చెప్పకుండా బావమరిది మాటను అడ్డం పెట్టడం నాకు నచ్చలేదు. ఉత్తరం మొత్తంలో ఆమెకు ఈ పని ఎందుకు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు మీరు. అడిగారా అసలు?

ముందు ఆ పనేమిటో చూద్దాం. రిజర్వాయర్ అనగానే మనకు హిమాయత్‌సాగర్ గుర్తొస్తుంది. భూమి కింద చమురు అలా చెరువులా ఉండదు, రాతి రంధ్రాల్లో ఇంకి ఉంటుంది. నా టేబుల్ మీద రెండు రాళ్లున్నాయి. ఒకటి మా అపార్ట్‌మెంట్ సెల్లార్ తవ్వినప్పుడు దొరికిన గ్రానైట్ ముక్క. రెండోది నా పాత విద్యార్థి ఇచ్చిన ఇసుకరాయి, బొటనవేలంత పొడవున గుండ్రంగా కోసిన కోర్ ముక్క, అంటే రాతి నమూనా. గ్రానైట్ మీద నీటి చుక్క వేస్తే పూసలా అలాగే నిలుస్తుంది. ఇసుకరాయి మీద వేస్తే చూస్తుండగానే లోపలికి పోతుంది. రాతిలో ఎంత ఖాళీ ఉందన్నది పోరాసిటీ. ఆ ఖాళీల గుండా ద్రవం ఎంత సులువుగా కదులుతుందన్నది పర్మియబిలిటీ. ఈ రెండూ, వాటితో పాటు ఒత్తిడి, రంధ్రాల్లో నూనె ఎంత నీళ్లెంత అన్న లెక్క: మీ అమ్మాయి కొలుస్తానంటున్నది వీటినే.

బావి తవ్వాక కేబుల్‌కు పరికరాలు కట్టి లోపలికి దించి కొలుస్తారు. దీన్ని లాగింగ్ అంటారు. ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది, నూనె పోనివ్వదు. ఆ తేడా పట్టుకుని 1927లో ఫ్రాన్స్‌లో ష్లంబర్జర్ సోదరుల బృందం మొదటి ఎలక్ట్రికల్ లాగ్ తీసింది. ఇప్పుడైతే బావి అడుగున గేజ్‌లు శాశ్వతంగా అమర్చి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు ఆఫీసులో కూర్చుని చూస్తున్నారు.

మీ ఇంటి బోరుతో పోల్చి చెబుతాను. మోటారు ఆపాక ఒక వీధిలో నీళ్లు గంటలో పైకొస్తాయి, ఇంకో వీధిలో తెల్లారినా రావు. ఎంతసేపట్లో కోలుకుంటుందో చూస్తే లోపలి రాయి ఎలాంటిదో తెలుస్తుంది. చమురు బావినీ అలాగే కొన్నాళ్లు మూసి, ఒత్తిడి ఎలా పెరుగుతుందో కొలుస్తారు. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్లు చెప్పించుకునే ఊళ్లో ఒక పిల్ల కొలిచి చెబుతానంటోంది. నాకైతే ముచ్చటేసింది.

ఈ కొలతలకు ఎంత విలువుందో మన కృష్ణా గోదావరి తీరంలోనే చూశాం. అక్కడి సముద్రంలో డీ6 అనే గ్యాస్ బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. ఏడాది తిరిగేసరికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. 8 కోట్లు వస్తుందన్నది అంచనా. అక్కడి నుంచి ఒత్తిడి తగ్గుతూ, బావుల్లోకి నీళ్లు చేరుతూ ఉత్పత్తి పడిపోయింది. ఆ బ్లాకులో మొదట గ్యాస్ ఇచ్చిన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. కింద ఏముందో తెలిసిందనుకోవడానికి, నిజంగా తెలియడానికి మధ్య వేల కోట్ల తేడా ఉంటుంది.

ఇక పదేళ్లలో ఆయిల్ అయిపోతుందన్న మాట. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. 1974లో కనుగొన్న ముంబై హై నుంచి ఇప్పటికీ తోడుతున్నారు. పాత క్షేత్రాల్లో మిగిలింది రాబట్టాలంటే కొలిచేవాళ్లే ఎక్కువ కావాలి. అసలు ఇబ్బంది వేరే ఉంది, అది మీ బావమరిది చెప్పలేదు. ఈ రంగం ధరలతో పాటు ఊగుతుంది. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న ముడిచమురు పీపా ధర, 2016 మొదట్లో 30 కంటే కిందికి పోయింది. ఆ ఏడాది నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ తేదీ మాత్రం రాలేదు. ఎనిమిది నెలలు ఎదురుచూసి భూగర్భ జలాల సర్వేలో చేరాడు. నేర్చుకున్నది అక్కడా పనికొచ్చింది, రాళ్లూ ద్రవాలూ అవే కాబట్టి. ఇప్పుడు కార్బన్‌ను భూమిలో దాచడానికీ, భూమి లోపలి వేడిని వాడుకునే జియోథర్మల్‌కీ ఇదే విద్య కావాలి. ఒకటి రెండేళ్లు ఆగాల్సి వస్తే మీ ఇల్లు తట్టుకోగలదా? లోన్ తీసుకునే ముందు ఆ లెక్క వేసుకోండి.

మీరు చూసిన ఏఐ-ఎంఎల్ సీటు గురించి నాకు నిజంగా అనుమానాలున్నాయి. ఏఐ మీద కాదు, ఆ బోర్డు మీద. నగరం చుట్టూ ఉన్న కాలేజీల్లో సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ బ్రాంచీలు పెంచుకున్నవి ఎన్నో. ల్యాబులు పెరిగాయా, చెప్పేవాళ్లు పెరిగారా అని అడిగితే సూటిగా జవాబు రాదు. మొన్నటి దాకా సీ లాంగ్వేజ్ చెప్పిన లెక్చరరే ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ చెబుతున్న చోటికి లక్షల డొనేషన్ కడతారా? పిల్లకు కోడింగ్ అంటే ఇష్టముందని కూడా మీరు రాయలేదు. ఇష్టం లేకుండా చేరి, మూడో ఏడాది అమీర్‌పేటలో మళ్లీ కోచింగ్‌కు డబ్బు కట్టినవాళ్లను ఎందరినో చూశాను.

ఆయిల్ కంపెనీలు కూడా ఏఐ వాడుతున్నాయి, నిజమే. కానీ గేజ్ తప్పు చూపిస్తే మోడల్ ఆ తప్పునే నిజమనుకుని నేర్చుకుంటుంది. ఈ రీడింగ్‌లో ఏదో తేడా ఉందని పట్టుకునేది రాయి తెలిసిన మనిషే. మీ అమ్మాయి పైథాన్ ఎలాగూ నేర్చుకుంటుంది, సెలవుల్లో చాలు. రాయిని చదవడం మాత్రం సెలవుల్లో రాదు.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి: మొదటి ఉద్యోగం త్వరగా, హైదరాబాద్‌లోనే కావాలంటే కంప్యూటర్ల వైపే ఎక్కువ అవకాశం. అంతకు మించి పోల్చను, ఎందుకంటే ఒకటి ఆమె కోరుకున్నది, రెండోది ఆమె కోరనిది.

రిగ్గు సంగతికి వస్తే, రిజర్వాయర్ ఇంజినీర్ ఎక్కువ కాలం పనిచేసేది ఆఫీసులో, కంప్యూటర్ ముందు. లాగింగ్‌లో చేరితే రిగ్గుకు వెళ్లాలి. సముద్రం మీదైతే మామూలుగా రెండు వారాలు పని, రెండు వారాలు సెలవు. అమ్మాయిలు వెళ్తున్నారు, చేస్తున్నారు. మీ అమ్మాయీ చేయగలదు. మీరూ కంగారు పడకండి, అన్నీ ఈ జూన్‌లోనే తేలిపోవాలని లేదు. మెకానికల్‌లో చేరి పైచదువు పెట్రోలియంలో చేయొచ్చు. ఫిజిక్స్‌తో డిగ్రీ చేసి ఉస్మానియాలో జియోఫిజిక్స్ వైపు వెళ్లొచ్చు. ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, అక్కడివాళ్ల పనేమిటో ఆమెను తెలుసుకోమనండి.

విశాఖ వెళ్లి కాలేజీ చూడండి. కోర్ ల్యాబు తలుపు తీసి చూపించమనండి, పరికరాలు నిజంగా వాడుతున్నారా లేదా అని అక్కడి మూడో ఏడాది పిల్లల్ని అడగండి. కానీ దానికంటే ముందు ఈ జవాబు మీ అమ్మాయి చేత చదివించండి. రిగ్గు మీద మీకున్న భయం ఆమెతో మీ నోటితోనే చెప్పండి. ఆమె ఏమంటుందో తననే నాకు రాయమనండి.