ఎం6 బోల్టుకి 6 ఎంఎం హోల్ చాలదు

5 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటులో 6 ఎంఎం హోల్స్ గీసి లేజర్ కటింగ్‌కి పంపితే ఎం6 బోల్టు దూరట్లేదని, వెండర్ మోసం చేశాడని రాశారు. మోసం కాదండీ, మీరు గీసిందే కోశాడు. ఎం6 అంటే బోల్టు మరల బయటి కొలతే దాదాపు 6. పైగా ఇంత మందంలో లేజర్ హోల్ కాస్త టేపర్‌గా (ఒకవైపు సన్నగా) వస్తుంది, కోత మొదలై ముగిసిన చోట చిన్న బుడిపె కూడా మిగలొచ్చు. లోపల గోరుతో గీకి చూడండి, తెలుస్తుంది.

ముక్కలు పారేయకండి. 6.6 బిట్టుతో డ్రిల్ చేయించుకోండి, వాడుకోవచ్చు. ఈసారి డ్రాయింగులోనే 6.6 పెట్టండి. మర కొట్టించే హోల్ అయితే 5 చాలు.

కెర్ఫ్ (కోతలో లేజర్ తినేసే సన్నటి వెడల్పు) కోసమని మీరు గీతలు జరపొద్దు, అది వాళ్ల సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఇద్దరూ సర్దితే కొలత పోతుంది.

డీఎక్స్ఎఫ్ (డ్రాయింగ్ ఫైలు)తో పాటు కొలతలు రాసిన పీడీఎఫ్ తప్పకుండా పంపండి. నేనొకసారి బద్ధకించాను. 100 ఎంఎం బ్రాకెట్‌ని అవతలివాళ్లు 100 అంగుళాలు అనుకుని రెండున్నర మీటర్ల ముక్కకి కొటేషన్ పంపారు. ఆ అంకె చూసి టీ గొంతులోనే ఆగిపోయింది!