ఎగ్జిక్యూటర్‌గా రాశారు, వాటాలు ఇప్పుడే పంచాలా? – సమాధానం

పోయిన మీ బాబాయి గారు వీలునామాలో మిమ్మల్ని ఎగ్జిక్యూటర్‌గా, అంటే తన ఆస్తి, అప్పులు చక్కబెట్టే మనిషిగా రాశారని, ఆయన పిల్లలు ఎఫ్‌డీ డబ్బు ఈ నెలలోనే పంచమంటున్నారని, బ్యాంకు అప్పేమో అలాగే ఉందని అడిగారు కదా. పంచకండి. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో చెల్లింపుల వరస ఉంది: అంత్యక్రియలు, చివరి వైద్యం, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) ఖర్చులు, ఆఖరి 3 నెలల పనివాళ్ల జీతాలు, మిగతా అప్పులు. ఆ తర్వాతే వాటాలు. ముందే పంచేసి, అప్పుకు చాలకపోతే ఆ తేడా మీ మెడకు చుట్టుకుంటుంది. ఆయన పోయిన తేదీ నుంచి ఏడాదిలోపు వాటా ఇచ్చితీరాలన్న నిర్బంధం మీకు లేదు, ఆ మాట వాళ్లకు చెప్పండి.

ఎస్టేట్ (ఆయన వదిలివెళ్లిన ఆస్తి) డబ్బుకు వేరే ఖాతా తెరవండి. అప్పులవాళ్లు ముందుకు రమ్మని పేపర్లో నోటీసు వేయండి. ఈ బరువు వద్దనుకుంటే ఇప్పుడే తప్పుకోండి. ఆయన ఇంటద్దె ఒక్క నెల వసూలు చేసినా బాధ్యత ఒప్పుకున్నట్టే, తర్వాత తప్పుకోవడం కష్టం.