వాక్యం చివర ‘ఓన్లీ’ ఎందుకు పెడుతున్నాం? అది తప్పేనా?

‘ఐ కేమ్ యెస్టర్డే ఓన్లీ’ అంటే బయటిదేశం వాళ్లు తికమకపడుతున్నారు, ఎందుకని అడిగారు. ఆ ఓన్లీ వేషం ఇంగ్లీషుది, ప్రాణం మన ‘ఏ’ది. నేనే, ఇక్కడే, నిన్ననే అంటూ చివర సాగదీస్తామే, అదే. చిత్తూరు పక్కనే అరవం. వాళ్ల ‘నాన్ దాన్’ (అంటే ‘నేనే’)లోని ‘దాన్’ కూడా ఇంగ్లీషులోకి వెళితే ఓన్లీయే అవుతుంది. హిందీ ‘హీ’ సంగతీ అంతే. కాబట్టి ఇది తెలుగు మీడియం వాళ్ల తప్పు అనే మాట నేను ఒప్పుకోను.

చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. ఏర్పేడు ఐఐటీకి వచ్చిన విదేశీ ప్రొఫెసరు తిరుపతి బస్టాండులో నిలబడి, ఇది కాళహస్తి బస్సేనా అని అడిగాడనుకోండి. కండక్టరు ‘యెస్ సార్, కాళహస్తి ఓన్లీ’ అంటాడు. ఆయన మనసులో ఉన్నది ‘కాళహస్తికే సార్, అనుమానం వద్దు, ఎక్కండి’. ప్రొఫెసరు చెవిలో పడింది ‘కాళహస్తికి మాత్రమే, మధ్యలో ఎక్కడా ఆగదు’. రేణిగుంట దాటాక ఏర్పేడులో దిగాల్సిన మనిషి, ఫుట్‌బోర్డు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంటాడు. ‘యెస్, దిస్ ఈజ్ ద వన్’ అంటే చాలు, ఎక్కేవాడు.

అందుకే నోరు తెరిచే ముందు ‘ఏ’ తీసి ‘మాత్రమే’ పెట్టి చూడండి. అర్థం చెడకపోతే ఓన్లీ వాడొచ్చు. ‘వాడే తీశాడు’ అన్నచోట ‘వాడు మాత్రమే తీశాడు’ అని మన ఉద్దేశం కాదు. అక్కడ ‘ఇట్ వాజ్ హిమ్’ అనాలి. ‘ఇప్పుడే వచ్చాడు’కి ‘జస్ట్ నౌ’ ఉంది.

అన్నిటికంటే నష్టం చేసేది ‘నిన్ననే’. ‘అప్లికేషను నిన్ననే పంపాను’ అంటే మనకు ఆలస్యం చేయలేదని అర్థం. దాన్నే ‘ఐ సెంట్ ఇట్ ఓన్లీ యెస్టర్డే’ అని మెయిల్లో రాస్తే, నిన్నటిదాకా పంపకుండా కూర్చున్నారని అవతలివాళ్లు చదువుకుంటారు. చెప్పదలచుకున్నది పూర్తిగా తిరగబడింది! ‘ఐ ఆల్రెడీ సెంట్ ఇట్ యెస్టర్డే’ అని రాయండి.

ఇక చోటు. రాతలో ఏ మాటను పరిమితం చేస్తున్నామో దాని ముందే ఓన్లీ పెడితే తికమక ఉండదు. ‘ఓన్లీ రవి బాట్ టూ లడ్డూస్’ అంటే ఇంకెవరూ రెండు కొనలేదు. ‘రవి బాట్ ఓన్లీ టూ లడ్డూస్’ అంటే మూడోది కొనలేదు. మాటల్లో మాత్రం ఇంగ్లీషువాళ్లే ‘రవి ఓన్లీ బాట్ టూ లడ్డూస్’ అని ‘టూ’ను ఒత్తి పలుకుతారు. దాన్ని తప్పని కొట్టేసే గ్రామరు గైడ్లంటే నాకు మంట. ఓన్లీకి ఎదురుగా ‘మాత్రమే’ అని ఒక్క ముక్క రాసి వదిలేసేదీ అవే. పిల్లలు ‘మాత్రం’ కనబడ్డా ఓన్లీ పెట్టేస్తున్నారు. ‘వాళ్లు రానీ, నువ్వు మాత్రం రావద్దు’ అన్నదాంట్లో ఓన్లీకి చోటే లేదు. ‘లెట్ దెమ్ కమ్, బట్ నాట్ యూ’, అంతే.