బ్యాంకాక్ వెళ్తున్న హర్షకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి హర్షకు, స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నవంబరులో బ్యాంకాక్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లాన్ కూడా చూశాను. ఒక్క రోజులోనే నాలుగు మార్కెట్లు పెట్టుకున్నావు. అలా తిరిగితే మీరు చూసేది టాక్సీ అద్దాలు మాత్రమే. మీ పెదనాన్న ఉద్యోగం అక్కడే కాబట్టి అక్కడ కాపురం చేసినదాన్ని. నా మాట విని అందులో సగం కొట్టెయ్.

అక్కడి తిండికి చోటు కంటే వేళ ముఖ్యం. పొద్దున జావ అమ్మే బండి పదింటికల్లా సర్దుకుని వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం అదే ఫుట్‌పాత్ మీదకి నూడుల్స్ వాళ్ళొస్తారు, చీకటి పడ్డాక ఇంకెవరో పొయ్యి వెలిగిస్తారు. హోటల్లో తీరిగ్గా టిఫిన్ చేసి పదకొండింటికి బయటపడ్డావంటే రోజులో మంచి భాగం అయిపోయినట్టే. ఒక్క పూటైనా ఆరింటికి లేచి వీధిలోకి వెళ్ళండి. భిక్షాపాత్రలతో బౌద్ధ భిక్షువులు వస్తుంటారు, జనం చెప్పులు విప్పి వాళ్ళకి అన్నం సమర్పిస్తారు. పక్కనే బొగ్గుల మీద పుల్లలకి గుచ్చిన పంది మాంసం కాలుతూ ఉంటుంది. దాన్ని మూ పింగ్ అంటారు. చిన్న కవర్లో జిగురన్నంతో కలిపి ఇస్తారు. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు అది చేత్తో పట్టుకుని బస్సెక్కేస్తారు.

మధ్యాహ్నం ఖావ్ కేంగ్ కొట్టు వెతుకు. ట్రేల నిండా కూరలు పెట్టి ఉంటాయి, వేలితో చూపిస్తే అన్నం మీద వేసి ఇస్తారు. భాష రాదన్న టెన్షనే ఉండదు. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న ఉద్యోగులు ఏ కొట్టు ముందు లైను కడితే నువ్వూ అక్కడే నిలబడు. గిరాకీ ఎక్కువున్న చోట వంటకం నిలవ ఉండదు. ఐస్ గురించి మీ అమ్మ భయపెట్టి ఉంటుంది. గొట్టంలా మధ్యలో రంధ్రమున్న ముక్కలైతే ఫ్యాక్టరీలో చేసినవి, పర్వాలేదు.

టేబుల్ మీద నాలుగు డబ్బాలుంటాయి: పంచదార, ఎండుమిర్చి పొడి, వెనిగర్‌లో మిర్చి, చేపల సాస్‌లో మిర్చి. నూడుల్స్ వాళ్ళు కావాలనే కాస్త చప్పగా ఇస్తారు, రుచి నువ్వే చేసుకోవాలి. ముందు ఉత్త పులుసు తాగి చూసి, తర్వాత కలుపుకో. మనం గుంటూరు మిర్చి తిన్నవాళ్ళమని అక్కడ బీరాలు పలక్కు. మనం కారం నూనెలో, చింతపండులో మగ్గించి తింటాం. వాళ్ళు చిన్న పచ్చి మిర్చిని రోట్లో దంచి అలాగే పెడతారు. పచ్చి బొప్పాయితో చేసే సోమ్ తమ్ దగ్గరే ఈ సంగతి తెలిసొస్తుంది. ఎన్ని మిరపకాయలు వెయ్యాలో దంచేముందే వేళ్ళతో చూపించు. మొదటిసారికి ఒకటి చాలు. పచ్చి బొప్పాయి, చింతపండు, తాటిబెల్లం అన్నీ మన వంటింటి సరుకులే, అయినా మనకి తట్టని వంటకం అది.

అన్నం చెంచాతో తినాలి. కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు. ఫోర్కుతో చెంచాలోకి నెట్టుకోవాలంతే, నోట్లో పెట్టుకోకూడదు. జిగురన్నం మాత్రం చేత్తో ముద్ద చేసుకుని తినొచ్చు. ఆ ఒక్కచోట మన చేతికి మర్యాద దక్కుతుంది.

ఇక స్వాతి సంగతి. గుడ్డు కూడా తినదు కదా, అక్కడ ఒట్టి కూరగాయల వేపుడు అన్నా కుదరదు. తూటికూర వేపుడు చూస్తే మనూరి ఆకుకూరలాగే ఉంటుంది, అందులోనూ ఆల్చిప్పల సాస్ పడుతుంది. సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు, కూరల్లో రొయ్యల ముద్ద, మిగతా వాటిలో చేపల సాస్. వాళ్ళకి అది ఉప్పు లెక్కే, అందుకే వేశామని విడిగా చెప్పరు కూడా. పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్లు వెతకమను. వాటిని ‘జే’ అంటారు. చైనా నుంచి వచ్చిన బౌద్ధ ఆచారం. మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మీ నానమ్మ సంతోషంగా తినగలిగే చోటు అదొక్కటే. ట్రేలో అచ్చం మాంసంలా కనిపించేవి చూసి కంగారుపడొద్దని చెప్పు, అవి సోయా, గోధుమ పిండితో చేసినవి. ‘మంగ్సవిరత్’ అని అడిగితే మాంసం ఉండదు కానీ గుడ్డు రావచ్చు, కాబట్టి ‘జే’ అనే అడగమను. తులసి ఆకులతో చేసే క్రపావ్ వేపుడు కూడా జే కొట్లో టోఫూతో చేస్తారు. మనం పూజ చేసే తులసి జాతే అది. మొదటిసారి ఆ వాసనకి స్వాతి ఏమంటుందో నాకు రాయి.

మార్కెట్లలో పాక్ ఖ్లోంగ్ తలాత్‌కి తప్పకుండా వెళ్ళండి. పూల మార్కెట్, రాత్రంతా తెరిచే ఉంటుంది. బంతిపూల గుట్టలు, మల్లెమొగ్గల దండలు, తామర మొగ్గలు చూస్తూ స్వాతి అక్కడినుంచి కదలదు. చతుచక్ శని, ఆదివారాల్లో వెళ్ళేది, పొద్దున్నే వెళ్ళాలి, పన్నెండు దాటితే ఎండకి నిలబడలేరు. దానికి దగ్గర్లోనే ఓర్ తోర్ కోర్ మార్కెట్ ఉంది. ధర కాస్త ఎక్కువే, పళ్ళు మాత్రం అద్దంలా ఉంటాయి. యావరాత్ అంటే అక్కడి చైనాటౌన్, రాత్రిపూట చూడాలి, సోమవారం చాలా బళ్ళు ఉండవు, ఆ రోజు పెట్టుకోకండి. దామ్నోయెన్ సదువక్ పడవల మార్కెట్ ఫోటోల్లోనే బాగుంటుంది, నా మాటగా వదిలెయ్. పడవల మీదే తినాలనుంటే వారాంతంలో సాయంత్రం అంఫవా వెళ్ళండి. అదే దారిలో మేక్లోంగ్‌లో రైలు పట్టాల మీదే కూరగాయల సంత ఉంటుంది. రైలు కూత వినగానే డేరాలు ముడిచి, అది వెళ్ళగానే మళ్ళీ పరిచేస్తారు.

బట్టలకి, సంచులకి బేరమాడు, కానీ నవ్వుతూ ఆడు. గొంతు పెంచావంటే నీకే నామోషీ. తిండి దగ్గర మాత్రం అసలు బేరమాడొద్దు. చిన్న నోట్లు దగ్గరుంచుకో, 50 భాట్ల నూడుల్స్‌కి వెయ్యి నోటు తీస్తే పాపం వాళ్ళకి చిల్లర దొరకదు. మన ‘అండీ’లాగా మర్యాదకి నువ్వు మాట చివర ‘ఖ్రాప్’ అను, స్వాతి ‘ఖా’ అంటుంది, సగం పనులు దాంతోనే అయిపోతాయి. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి జాతీయగీతం వినిపిస్తే నడిచేవాళ్ళందరూ ఆగిపోతారు, మీరూ ఆగండి. పిల్లలు ముద్దొచ్చినా తల నిమరొద్దు. రాజుగారి గురించి జోకులు అసలే వద్దు, అక్కడ దానికి జైలుకి పంపే చట్టం ఉంది.

మామిడిపండు, జిగురన్నం నవంబరులోనూ దొరుకుతుంది కానీ దాని అసలు కాలం ఏప్రిల్, మే నెలలు. బదులుగా ఖనోమ్ క్రోక్ తినండి, గుంత పొంగనాల పెనం లాంటి దానిలో కొబ్బరిపాలు పోసి చేస్తారు. దురియన్ అని ఘాటు వాసన పండు ఉంటుంది, కొన్నా మార్కెట్లోనే తినెయ్, ఆ వాసనకి హోటల్లోకి, రైల్లోకి రానివ్వరు. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపడం మరిచిపోకు.

నా కోసం యావరాత్ దగ్గరి సాంపెంగ్ గల్లీలో లేసు రోల్ ఒకటి కొనుక్కురా, తెల్లది.

ఇట్లు,
మీ పెద్దమ్మ