వెంట్రుకల తొలగింపుకు లోన్ అవసరమా?

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. ఏడాదిన్నరలో వజైనోప్లాస్టీ (యోనిని రూపొందించే సర్జరీ) చేయించుకోవాలని డబ్బు కూడబెడుతున్నాను. ఆలోపు ఆ భాగంలో వెంట్రుకలు శాశ్వతంగా తీయించుకోమని డాక్టరు చెప్పారు. పది సిట్టింగుల లేజర్ ప్యాకేజీకి డబ్బంతా ఇప్పుడే కడితే డిస్కౌంట్ ఇస్తామని ఒక క్లినిక్ అంటోంది. సర్జరీ డబ్బు కదపకుండా పర్సనల్ లోన్ తీసుకోనా?

జవాబు: వద్దండీ. ఇది ఒకేసారి మీద పడే ఖర్చు కాదు. ఏ రోజు చూసినా కొన్ని వెంట్రుకలే పెరిగే దశలో ఉంటాయి, లేజర్ పనిచేసేది వాటి మీదే. మిగతావాటి వంతు వచ్చేదాకా ఆగాలి. అందుకే సిట్టింగుల మధ్య 4 నుంచి 8 వారాల ఎడం ఇస్తారు. ఏడాది పొడుగునా నడిచే పనికి ఇవాళే అప్పు చేసి వడ్డీ కట్టడం దేనికి? వాళ్లిచ్చే డిస్కౌంటు, మీరు కట్టబోయే వడ్డీ పక్కపక్కన రాసి చూడండి. చర్మం కమిలి మధ్యలో మానేయాల్సి వస్తే మిగతా డబ్బు వెనక్కిస్తారా అన్నది కూడా అడగండి.

పైగా లేజర్‌తోనే పని అయిపోకపోవచ్చు. అది వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని పనిచేస్తుంది, తెల్లవాటికి పనికిరాదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా దాన్ని ‘శాశ్వతంగా తగ్గించేది’ అనే అంటుంది. ‘శాశ్వతంగా తొలగించేది’ ఎలక్ట్రోలిసిస్. సన్నటి సూదిని ఒక్కో కుదురులోకి దించి కరెంటుతో మాడ్చడమే ఆ పని. నెమ్మదిగా సాగుతుంది, బిల్లు ఎక్కువగా గంటల లెక్కన పడుతుంది. చాలామంది ముందు లేజర్, మిగిలినవాటికి ఎలక్ట్రోలిసిస్ చేయించుకుంటారు. ప్యాకేజీకే అంతా పోస్తే, తీరా ఆ గంటలకు చేతిలో ఏమీ మిగలదు.

రూపాయి కట్టకముందే మీ సర్జన్‌తో ఎక్కడినుంచి ఎక్కడిదాకా తీయాలో బొమ్మ గీయించుకోండి. లోపలికి మడిచి కుట్టే చర్మం మీది వెంట్రుకలతోనే అసలు చిక్కు: లోపల పెరిగితే ఉండలు కట్టి ఇన్ఫెక్షన్ రావచ్చు, ఆపరేషన్ అయ్యాక వాటిని తీయడం మహా కష్టం. ‘బికినీ ప్యాకేజీ’ల్లో మీకు అక్కర్లేని చోట్లు ఉండి, వృషణాల సంచి మీది చర్మం ఉండకపోవచ్చు. పేగు ముక్కతో చేసే పద్ధతైతే తీయాల్సిన మేర మారుతుంది, దాంతో బడ్జెట్టూ మారుతుంది.

ఇన్సూరెన్స్ ఉంటే, ఇది సర్జరీలో భాగమని సర్జన్‌తో లెటర్ రాయించుకుని ముందే పంపండి. లేదంటే అందం కోసమని కొట్టేసే అవకాశం ఎక్కువ.

లేజర్ నడుస్తున్నన్నాళ్లూ వ్యాక్సింగ్, పీకడం వద్దు. కుదురులో వెంట్రుక లేకపోతే ఆ సిట్టింగు డబ్బు దండగ. షేవింగ్ పర్వాలేదు, ఖర్చూ తక్కువే.

సిట్టింగుకు సిట్టింగుకు విడిగా కట్టండి. నెలనెలా పొదుపులో కొంత దీనికి వేరే ఖాతాలో వేయండి. ఆఖరి సిట్టింగు తర్వాత మళ్లీ మొలుస్తున్నాయేమో చూడ్డానికి కొన్ని నెలలు కావాలి కాబట్టి ఏడాదిన్నర ఎక్కువేమీ కాదు. మొదటి సిట్టింగు ఈ నెలే పెట్టుకోండి. తిరిగి రాని సర్జరీ అడ్వాన్స్ మాత్రం డాక్టరు చూసి ‘ఇక చాలు’ అన్నాకే కట్టండి.